‘సీడెడ్’ అనే హద్దు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో వాణిజ్య ఒప్పందాల భౌగోళిక పరిధి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వాణిజ్య ఒప్పందంలో ‘ఫలానా ప్రాంతం’ అని రాసినప్పుడు ఆ ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఈ ప్రశ్నను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాసనకాలపు పొలిమేరలు, సుంకాల గుత్తలు, 1547 నాటి పోర్చుగీసు ఒడంబడిక, 1800 నాటి దత్తత ఒప్పందం, తెలుగు చలనచిత్ర వ్యాపారంలో నేటికీ నిలిచి ఉన్న ‘సీడెడ్’ ఏరియా, ధర్మవరం పట్టుకు లభించిన భౌగోళిక గుర్తింపు ఇందులో చర్చకు వస్తాయి. పరిధిని నిర్దేశించే పద్ధతులు మూడని, వాటిలో పేరు మాత్రమే చెప్పే పద్ధతి రాయడానికి సులువైనా అర్థనిర్ణయానికి కష్టమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సీడెడ్, దత్త మండలాలు, గుత్త, పొలిమేర, చెక్కుబంది, చలనచిత్ర పంపిణీ, భౌగోళిక గుర్తింపు, ధర్మవరం పట్టు.

1. ఉపోద్ఘాతం

ఒక ఎకరం పొలం అమ్మాలంటే దస్తావేజులో గ్రామం పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణం, తూర్పు పడమర ఉత్తర దక్షిణాల్లో ఎవరి భూమి ఉన్నదో తెలిపే చెక్కుబంది రాయాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని గుర్తించడానికి చాలినంత వివరణ లేని దస్తావేజును రిజిస్ట్రేషనుకు స్వీకరించరు. అదే ఒక సినిమాను పాత నాలుగు జిల్లాల్లో ప్రదర్శించే హక్కు అమ్మాలంటే ‘సీడెడ్ ఏరియా’ అన్న రెండు మాటలతో సరిపెట్టవచ్చు. ఒక కంపెనీ సరుకును జిల్లా అంతటా అమ్ముకునే ఏజెన్సీ ఇవ్వాలంటే ‘అనంతపురం జిల్లా’ అంటే చాలు. చేతులు మారే సొమ్ము ఎకరం పొలం వెలకంటే ఎన్నో రెట్లు ఉన్నా, హద్దు చెప్పే మాట మాత్రం అతి క్లుప్తంగా ఉంటుంది.

ఈ తేడాను కేవలం చట్టసంబంధమైన విషయంగా చూస్తే సగమే అర్థమవుతుంది. ఒప్పందంలోకి వచ్చే ప్రతి ప్రాంతనామానికి ఒక పుట్టుక, ఒక ప్రయాణం ఉంటాయి. ఆ పేరు పుట్టిన నాటి అర్థం, వ్యాపారుల వాడుకలో స్థిరపడిన అర్థం, ప్రభుత్వ పటంలో ఈనాడు కనిపించే అర్థం వేరువేరు కావచ్చు. ఒకే రైలుమార్గం మీద ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల చరిత్రలో ఈ మూడు అర్థాల మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది. విజయనగర కాలంలో రాజధానిగా వెలిగిన కోట, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న సంత పట్టణం, దేశమంతటా పేరు పొందిన మగ్గాల ఊరు – ఈ మూడూ ఎన్నోమార్లు ఒక ఏలుబడి నుండి మరొక ఏలుబడికి, ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు మారాయి.

2. ఎల్ల, దారి, పేరు: మూడు పద్ధతులు

ఒప్పందంలో పరిధిని చెప్పడానికి చరిత్రలో ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది చుట్టూ హద్దు చెప్పడం. రెండవది సరుకు దాటవలసిన దారిని, ద్వారాన్ని, రేవును చెప్పడం. మూడవది పేరు మాత్రమే చెప్పి మిగిలినదాన్ని లోకానుభవానికి వదిలేయడం.

మొదటి పద్ధతి శాసనాలది. దానశాసనాల్లో గ్రామాన్ని ఇచ్చేటప్పుడు రాజ్యం, సీమ, నాడు, స్థలం అనే వరుసలో ఊరి స్థానాన్ని చెప్పి, ఆ తరువాత పొలిమేర వివరాలు రాయడం పరిపాటి. చెరువు కట్ట, వాగు, పుట్ట, గుండు, చెట్టు, పాతిన రాయి – ఇవే హద్దుకు సాక్షులు. ఇందులో రెండు జాగ్రత్తలు ఒకేసారి పాటించారు. పరిపాలనా విభాగం పేరు చెప్పడం వల్ల ఊరు ఎక్కడుందో తెలుస్తుంది; పొలిమేర చెప్పడం వల్ల ఆ విభాగం పేరు రేపు మారినా దానం చెడదు. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లతో ముడిపడిన లేపాక్షి వీరభద్రాలయానికి సంబంధించిన శాసనాలు ఈ ప్రాంతపు గ్రామదానాల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. ‘మర్యాద’ అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థాల్లో హద్దు ఒకటి. హద్దు తెలిసి నడుచుకోవడమే మర్యాద అయింది. ఈ అర్థపరిణామం వెనుక ఒక సామాజిక అనుభవం ఉంది.

రెండవ పద్ధతి సుంకాలది. విజయనగర కాలంలో సరుకు మీద విధించిన పన్నులను స్థలాదాయం, మార్గాదాయం, మామూలాదాయం అని వ్యవహరించారు. వీటిలో మార్గాదాయం దారిన పోయే సరుకు మీది పన్ను. సుంకం వసూలు హక్కును గుత్తకు ఇచ్చేవారు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగరానికి చేరువలోని ఒక ద్వారం వద్ద సుంకాన్ని ఏడాదికి 12,000 పర్దావులకు గుత్తకు ఇచ్చారని రాశాడు. ఆ గుత్తదారుకు కావలసింది నేల కాదు, నేల మీద కదిలే సరుకు. అందువల్ల అతని పరిధి ఒక వలయం కాదు, ఒక ద్వారం. ఎవరు ఏ ఊరివారైనా ఆ ద్వారం దాటితే చెల్లించాలి, దాటకపోతే అక్కరలేదు. హద్దు గురించి తగాదాకు ఇక్కడ అవకాశం తక్కువ.

ఇదే తర్కం పెద్ద ఎత్తున 1547 సెప్టెంబరు 19 నాటి ఒడంబడికలో కనిపిస్తుంది. సదాశివరాయల ప్రభుత్వానికి, గోవాలోని పోర్చుగీసు గవర్నరు జువాంవ్ ద కాస్ట్రోకు మధ్య కుదిరిన ఒడంబడిక అది. గోవాలో దిగే అరబ్బీ, పారశీక గుర్రాలను విజయనగరం కొనుక్కోవడానికి పోర్చుగీసులు వీలు కల్పించాలి. అందుకు ప్రతిగా విజయనగర వర్తకులు తీరానికి పంపే సరుకు పోర్చుగీసు ప్రతినిధులున్న రేవుల గుండానే పోవాలి, బీజాపూరు రేవులకు పోకూడదు. రాగి, తగరం, చైనా పట్టు వంటి దిగుమతుల విషయంలోనూ ఇటువంటి షరతులే ఉన్నాయి. రాజ్యం సరిహద్దు ఎక్కడిదన్న చర్చ లేకుండానే ప్రత్యేక హక్కు ఏర్పడింది. ఆధునిక ఏజెన్సీ ఒప్పందాల పరిభాషలో చెప్పాలంటే ఇది ప్రాంతపరమైన ప్రత్యేక పంపిణీ హక్కే. కాకపోతే ప్రాంతాన్ని పటంతో కాక రేవులతో కొలిచారు.

1565 యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. రాజధాని మారినప్పుడు దారులు, సంతలు, సుంకపు చావడుల ప్రాధాన్యం మారుతుంది. ‘ద్వారం’ మీద ఆధారపడిన గుత్తకు ఇది ప్రమాదం. ‘పొలిమేర’ మీద ఆధారపడిన దానానికి కాదు. ఏ పద్ధతి ఏ మార్పును తట్టుకుంటుందన్నది అప్పటినుంచీ అసలు ప్రశ్న.

3. 1800: పేరే పరిధి అయిన ఒప్పందం

మూడవ పద్ధతికి ఈ ప్రాంత చరిత్రలో అతి పెద్ద ఉదాహరణ 1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య జరిగిన ఒప్పందం. తన రాజ్యంలో కంపెనీ ఉంచే సైన్యం ఖర్చుకు బదులుగా నిజాం కొంత భూభాగాన్ని శాశ్వతంగా అప్పగించాడు. ఇది రాజకీయ సంధి అన్నది నిజమే. అయితే దాని నిర్మాణం వాణిజ్యపరమైనది: ఒక సేవ, దాని ఖరీదు, ఆ ఖరీదుకు ఈడుగా ఒక ఆదాయ వనరు. ఒప్పందం చేసుకున్న కంపెనీ కూడా వర్తక సంఘంగా పుట్టినదే.

ఆ భూభాగాన్ని ఎలా నిర్వచించారన్నది గమనార్హం. కొండలు, నదులు చెప్పి చుట్టూ గీత గీయలేదు. 1792, 1799 ఒప్పందాల ద్వారా టిప్పు సుల్తాను రాజ్యం నుండి నిజాముకు సంక్రమించిన ప్రాంతాలు అన్నారు. అంటే పాత పత్రాలను చూపి కొత్త పత్రం తన పరిధిని చెప్పుకుంది. ఆ పాత పత్రాలకు జతచేసిన పట్టికల్లో తాలూకాల పేర్లు, ఎదురుగా వరహాల్లో ఆదాయపు అంకెలు ఉన్నాయి. నేల కంటే ఆదాయమే అక్కడ ప్రమాణం. సరిహద్దు చిక్కులు రాకుండా తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటి ప్రాంతాలను నిజాముకే ఉంచి, దక్షిణాన ఉన్న ఆదోని వంటివాటిని కంపెనీ తీసుకుంది. ఆ ఒక్క చోట మాత్రం నదిని హద్దుగా ఎంచుకున్నారు.

ఇలా అప్పగించిన జిల్లాలు ఇంగ్లీషులో ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అయ్యాయి; తెలుగులో దత్త మండలాలు అన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అందులో భాగమే. పటంలో గీత లేకుండా పేరుతో వచ్చిన ఈ నేలను ఆ తరువాత కొలవవలసి వచ్చింది. 1800 నుండి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో పొలం వారీ సర్వే జరిగింది. ఒప్పందం ముందు, కొలత తరువాత. ఆయన వెళ్ళిన తరువాత కొంతకాలం గ్రామాలనే కౌలుకిచ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. ఊరి పేరు మీద మొత్తం శిస్తు ఒప్పుకున్న ముస్తాజరులు చాలాచోట్ల దెబ్బతిన్నారు. చివరకు రైతువారీ పద్ధతి తిరిగి వచ్చింది. సాగులో ఎంత ఉందో, బీడు ఎంత ఉందో తెలియని పరిధికి ముందుగా ధర కట్టడంలో ఉన్న ప్రమాదం అప్పుడే రుజువైంది.

4. కచేరీ విడిచినా వ్యాపారం విడవని పేరు

దత్త మండలాలను 1808లో బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించారు. 1882లో బళ్ళారి నుండి అనంతపురం జిల్లా ఏర్పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర అందులోకి వచ్చాయి. 1910లో కడప జిల్లా నుండి కదిరి ప్రాంతం చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి ప్రాంతంలో అధికభాగం మైసూరు రాష్ట్రానికి పోగా, రాయదుర్గం ప్రాంతం అనంతపురం జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండై, మన మూడు పట్టణాలు పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. ఈ 140 ఏళ్ళలో ‘అనంతపురం జిల్లా’ అనే ఒకే పేరు కనీసం నాలుగు వేర్వేరు భూభాగాలను సూచించింది.

‘దత్త’ అనే మాట మీద ఈ ప్రాంతపు విద్యావంతులకు అసంతృప్తి ఉండేది. ఒకరు మరొకరికి దానంగా ఇచ్చిన నేల అన్న ధ్వని వారికి అవమానంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల సందర్భంగా ‘రాయలసీమ’ అనే పేరు ముందుకు వచ్చింది. దాన్ని ప్రతిపాదించినది చిలుకూరి నారాయణరావు అని ప్రసిద్ధి. విజయనగర స్మృతితో కూడిన ఆ పేరు అనతికాలంలోనే దత్త మండలాల స్థానాన్ని ఆక్రమించింది. రాజకీయంలో, సాహిత్యంలో, విశ్వవిద్యాలయాల్లో నేడు ‘సీడెడ్’ అనే మాట చరిత్ర పాఠానికే పరిమితం.

ఒక్క చలనచిత్ర వ్యాపారం మాత్రం దానికి మినహాయింపు. తెలుగు సినిమా ప్రదర్శన హక్కులను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణ, గుంటూరు, నెల్లూరు అనే ఏరియాలుగా అమ్మడం ఆనవాయితీ. నిర్మాత నుండి ఏరియా హక్కులు కొనే బయ్యరు పూర్తి కొనుగోలు, కనీస హామీ, అడ్వాన్సు, కమీషను వంటి పద్ధతుల్లో ఒప్పందం చేసుకుంటాడు. సినిమా విడుదలయ్యాక వచ్చే వసూళ్ళ లెక్కలను కూడా ఈ ఏరియాల పేర్లతోనే చెప్పుకుంటారు. ‘సీడెడ్‌లో ఎంత వచ్చింది?’ అని హిందూపురం హాలు యజమాని అడిగినప్పుడు, 1800 నాటి సంధి పత్రంలోని మాటను ఆయన తనకు తెలియకుండానే పలుకుతున్నాడు.

ఇది తెలుగు సినిమాకు మాత్రమే చెందిన వింత కాదు. హిందీ సినిమా వ్యాపారంలో నేటికీ సి.పి. బేరార్, మైసూర్, నిజాం వంటి సర్క్యూట్ల పేర్లు వినిపిస్తాయి. సెంట్రల్ ప్రావిన్సెస్ అనే రాష్ట్రం లేదు, మైసూరు రాష్ట్రం పేరు 1973లో కర్ణాటకగా మారింది, నిజాం రాజ్యం 1948లో ముగిసింది. అయినా పంపిణీ పత్రాల్లో ఆ పేర్లు పోలేదు. హిందీ వ్యాపారం వాడే నిజాం సర్క్యూట్‌లో మరాఠ్వాడా, హైదరాబాద్-కర్ణాటక ప్రాంతాలకు చోటు ఉండగా, తెలుగు వ్యాపారంలోని నైజాం సాధారణంగా తెలంగాణకు పర్యాయపదం. ఒకే పేరు, ఇద్దరు వ్యాపారుల చేతుల్లో రెండు పటాలు.

పేరు ఎందుకు నిలిచింది? ఏరియా హక్కుల ధర పాత సినిమాల లెక్కలతో పోల్చి కడతారు. పోలిక కుదరాలంటే పరిధి మారకూడదు. ప్రభుత్వం జిల్లాలను విడగొట్టిన ప్రతిసారీ ఏరియాను మారిస్తే పోలిక చెడుతుంది. అందువల్ల వ్యాపారం తన సౌకర్యం కోసం ఒక పాత పేరును గట్టిగా పట్టుకుంది. ఇది అజ్ఞానం వల్ల జరిగింది కాదు, లెక్కల అవసరం వల్ల జరిగింది.

5. మూడు పటాలు ఒకదానిమీద ఒకటి

వ్యాపారంలోని సీడెడ్, చరిత్రలోని సీడెడ్ ఒకటి కావు. కర్నూలు నవాబు సంస్థానం 1800లో కంపెనీ ప్రత్యక్ష పాలనలోకి రాలేదు. దాన్ని 1839లో స్వాధీనం చేసుకున్నారు. అయినా నేటి వ్యాపారంలో కర్నూలు సీడెడ్‌లోనిదే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అందులో మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు కడప జిల్లా నుండి వచ్చినవి, అంటే అసలైన దత్త మండలానివి. తిరుపతి, చిత్తూరు వైపు భాగం ఉత్తర ఆర్కాటుది; నిజాం అప్పగించినది కాదు. అయినా వ్యాపారపు లెక్కల్లో అదీ సీడెడే. ఇక 1800లో అప్పగించిన ప్రాంతానికి గుండెకాయ వంటి బళ్ళారి నేడు మరో రాష్ట్రంలో ఉంది. చరిత్ర ప్రకారం బళ్ళారి లేని సీడెడ్ లేదు. రాయలసీమ అనే నేటి అర్థంలో బళ్ళారికి చోటు లేదు. ఒప్పందంలో ‘సీడెడ్’ అని మాత్రమే రాస్తే బళ్ళారిలోని హాళ్ళు ఎవరివి అన్న ప్రశ్నకు ఆ మాట జవాబు చెప్పదు.

హిందూపురం దగ్గర ఈ సమస్య మరింత ముదురుతుంది. పట్టణానికి వాయవ్య దిక్కున ఉన్న పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. చాలావరకు ఆంధ్రప్రదేశ్ భూభాగం చుట్టూ ఆవరించి ఉన్న తాలూకా అది. అక్కడ తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. మైసూరు రాజ్యానికే ఉండిపోయిన ప్రాంతం కాబట్టి అది దత్త మండలం కాలేదు. 1799లో మైసూరు రాజ్యాన్ని పంచుకున్నవారు గీసిన గీత ఈనాటికీ రాష్ట్ర సరిహద్దుగా, దానివల్ల సినిమా ఏరియా సరిహద్దుగా పనిచేస్తోంది. ప్రేక్షకుడు మాత్రం ఆ గీతను చూసి హాలుకు పోడు. బస్సు ఎటు పోతే అటు పోతాడు. దక్షిణాన గౌరిబిదనూరు, ఆ పైన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు. హిందూపురం సంత బెల్లానికి, చింతపండుకు, మిరపకు, పట్టుగూళ్ళకు పేరుపొందినది. పట్టుగూళ్ళ రైతుకు హిందూపురం మార్కెట్టు ఎంత దగ్గరో శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లూ వ్యాపారరీత్యా అంత దగ్గర. సరుకు నడిచే పటం ఒకటి, పాలన పటం మరొకటి, ఒప్పందపు పటం ఇంకొకటి.

జిల్లా పేరుతో రాసిన ఏజెన్సీ ఒప్పందాల్లో 2022 మార్పు ఏమి తెస్తుందో ఊహించడం కష్టం కాదు. 2020లో ‘అనంతపురం జిల్లా’ పరిధితో అయిదేళ్ళకు ఒప్పందం రాసుకున్నారనుకుందాం. ఆ రోజున హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అందులో ఉన్నాయి కనుక ఆ గడువు మేరకు అవి అందులోనివే అని వాదించడానికి బలమైన ఆధారం ఉంది; ఇరుపక్షాలు ఏ అర్థంతో సంతకం చేశాయన్నదే ముఖ్యం. అదే ఒప్పందాన్ని 2025లో ‘పాత షరతుల మీదనే’ అంటూ పొడిగిస్తే? పాత షరతు అంటే పాత పేరా, పాత భూభాగమా? పేరు అనుకుంటే ఏజెంటు మూడు పట్టణాల వ్యాపారాన్ని కోల్పోతాడు. భూభాగం అనుకుంటే శ్రీ సత్యసాయి జిల్లాకు కొత్త ఏజెంటును నియమించే హక్కు కంపెనీకి పోతుంది. కియా కార్ల కర్మాగారం కోసం 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగిన నాటికి పెనుకొండ మండలంలోని ఎర్రమంచి అనంతపురం జిల్లా గ్రామం, నేడు కాదు. అయితే కర్మాగారం నేలకు సర్వే నెంబర్లు ఉంటాయి కనుక జిల్లా మారినా దాని హద్దు మారదు. ఏజెంటు హక్కుకు సర్వే నెంబరు ఉండదు.

6. చట్టం ఇచ్చే జవాబులు

పరిధి గురించి మౌనంగా ఉన్న ఒప్పందానికి చట్టం తన అర్థాన్ని తానే ఇస్తుంది. కాపీరైటు చట్టం 1957లోని 19వ సెక్షన్, 1994 సవరణ తరువాతి రూపంలో, హక్కు బదిలీ పత్రంలో కృతి, హక్కులు, కాలం, భౌగోళిక పరిధి పేర్కొనాలని చెబుతుంది. కాలం చెప్పకపోతే అయిదేళ్ళు. పరిధి చెప్పకపోతే భారతదేశమంతా అని భావించాలి. హిందూపురం వరకే అనుకొని నోటిమాట మీద నమ్మకంతో పత్రంలో పరిధి రాయని నిర్మాత, దేశమంతటి హక్కు ఇచ్చినట్లయ్యే ప్రమాదం ఉందన్నమాట.

పరిధి రాసినా అర్థం తేలకపోతే రెండు దారులు ఉన్నాయి. అర్థం నిశ్చితం కాని, నిశ్చితం చేయడానికి వీలులేని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ అంటుంది. ‘నిశ్చితం చేయడానికి వీలులేని’ అన్న షరతు కీలకం. ఎందుకంటే అదే ఏడాది వచ్చిన సాక్ష్య చట్టం 98వ సెక్షన్, వాడుక తప్పిన మాటలు, వృత్తి పరిభాష, స్థానిక, ప్రాంతీయ పదాలు, సంక్షిప్తాలు, ప్రత్యేకార్థంలో వాడిన మాటల అర్థాన్ని నిరూపించడానికి సాక్ష్యం ఇవ్వవచ్చని చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ సూత్రాన్ని కొనసాగించింది. ‘సీడెడ్’ అనే మాట ఈ వర్ణనలో దాదాపు ప్రతి విశేషణానికీ సరిపోతుంది: పాలనలో వాడుక తప్పినది, వృత్తిలో బతికినది, ప్రాంతీయమైనది, ప్రత్యేకార్థం పొందినది. దాని అర్థాన్ని తేల్చడానికి వర్తకుల లెక్కపుస్తకాలు, పాత విడుదల పట్టికలు, ఏరియా జాబితాలు సాక్ష్యాలవుతాయి. పరిశోధకుడు సేకరించే ఆధారం, న్యాయవాది వెతికే ఆధారం ఇక్కడ ఒకటే.

ఒప్పందంలో ఊరి పేరు ఒక్కటే రాస్తే ఏమవుతుందో చెప్పే ప్రసిద్ధమైన తీర్పు పట్టు మగ్గాలకు దగ్గరి సరుకు విషయంలోనే వచ్చింది. జరీ తరహా లోహపు నూలు బాబిన్ల సరఫరా గురించి గుజరాత్‌లోని ఏ.బి.సి. ల్యామినార్ట్ సంస్థకు, సేలంలోని ఏ.పి. ఏజెన్సీస్‌కు తగాదా వచ్చింది. వివాదాలు కైరా న్యాయపరిధికి లోబడి ఉంటాయని ఒప్పందంలో ఉంది. ‘మాత్రమే’ వంటి మాట లేనందున ఆ వాక్యం సేలం న్యాయస్థానపు అధికారాన్ని తొలగించదని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో మాత్రం, ‘మాత్రమే’ అనే మాట లేకపోయినా ఒక ఊరిని ప్రత్యేకంగా పేర్కొనడంలోనే ఇతర ఊళ్ళను మినహాయించే ఉద్దేశం ఉండవచ్చని అదే న్యాయస్థానం అభిప్రాయపడింది. ఒక ఊరి పేరుకు ఎంత బలముందో తేల్చడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానానికే రెండు దఫాలు పట్టింది.

ప్రాంతాలను పంచుకోవడం ఎల్లప్పుడూ నిర్దోషం కాదని కూడా గుర్తుంచుకోవాలి. కాంపిటీషన్ చట్టం 2002లోని 3వ సెక్షన్, ఒకే వ్యాపారంలో పోటీదారులు మార్కెట్టును భౌగోళికంగా పంచుకుంటే అది పోటీకి హాని చేస్తుందని ముందే ఊహిస్తుంది. ఉత్పత్తిదారు తన పంపిణీదారుకు ఏరియా కేటాయించడాన్ని మాత్రం దాని ఫలితాన్ని బట్టి పరిశీలిస్తుంది.

7. ధర్మవరం: పేరుకే పటం కావలసి వచ్చినప్పుడు

ఇంతవరకు చూసిన ఒప్పందాల్లో ప్రాంతనామం సరుకు అమ్ముకునే పరిధిని చెబుతుంది. ధర్మవరం పట్టు విషయంలో ప్రాంతనామమే సరుకు విలువ. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టం 1999 కింద ‘ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడాలు’ నమోదయ్యాయి. ఈ చట్టం కింద దరఖాస్తు చేసేటప్పుడు ఆ వస్తువు ఉత్పత్తి అయ్యే భూభాగపు పటాన్ని జతచేయాలి. పేరు మాత్రమే చాలదు. పొలిమేర చెప్పే శాసన పద్ధతి ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చినట్లే.

మరో విశేషం ఉంది. తయారీ వస్తువుల విషయంలో ఉత్పత్తి, శుద్ధి, తయారీ అనే దశల్లో ఒకటైనా ఆ భూభాగంలో జరగాలని చట్టం కోరుతుంది. ముడిసరుకు బయటినుండి రావచ్చు. మల్బరీ ఆకు ఎక్కడ పండినా, గూళ్ళు ఏ మార్కెట్టులో అమ్ముడుపోయినా, జరీ ఏ రాష్ట్రంలో తయారైనా, ధర్మవరం అన్న పేరుకు ఆధారం మగ్గం మీద జరిగే పని. వస్త్రానికి ఊరి పేరు తెచ్చినది నేత.

అన్నిటికంటే ముఖ్యమైనది 24వ సెక్షన్. భౌగోళిక గుర్తింపును బదిలీ చేయడం, లైసెన్సు ఇవ్వడం, తాకట్టు పెట్టడం కుదరదు. సినిమా హక్కు ఏరియా వారీగా అమ్ముడుపోతుంది. సరుకు ఏజెన్సీ జిల్లా వారీగా చేతులు మారుతుంది. ధర్మవరం అనే పేరు మాత్రం ఏ ఒప్పందం ద్వారానూ ఊరు దాటదు. మరమగ్గం మీద మరెక్కడో నేసిన చీరకు ఆ పేరు అతికించే వర్తకుడికి, ఎవరితో ఎంత ఒప్పందం ఉన్నా, హక్కు రాదు. అయితే హక్కు పత్రంలో ఉండటం వేరు, కూలికి నేసే నేతకాడికి దాని ఫలం దక్కడం వేరు. పెట్టుబడి పెట్టే షావుకారుతో అతని ఏర్పాటు చాలావరకు నోటిమాట. పటం సంఘం చేతిలో, పేరు దుకాణం బోర్డు మీద, శ్రమ మగ్గం గుంటలో ఉంటే హద్దు గీసిన ప్రయోజనం నెరవేరదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి.

మొదటిది, వాణిజ్య ఒప్పందంలోని ప్రాంతనామం తటస్థమైన మాట కాదు. ‘సీడెడ్’ అనే మాటలో 1800 నాటి సైనిక వ్యయం, 1928 నాటి ఆత్మగౌరవ నిరసన, 1953 నాటి రాష్ట్ర సరిహద్దు, సినిమా వర్తకుల లెక్కల సౌకర్యం పొరలుపొరలుగా ఉన్నాయి. వాటిలో ఏ పొరను ఉద్దేశించారో చెప్పని ఒప్పందం తగాదాకు తలుపు తెరిచి ఉంచుతుంది.

రెండవది, పరిధిని చెప్పే పద్ధతుల్లో ప్రతిదానికీ తట్టుకునే మార్పు ఒకటి, తట్టుకోలేని మార్పు ఒకటి ఉన్నాయి. పొలిమేర పద్ధతి పాలన మార్పును తట్టుకుంటుంది. ద్వారం పద్ధతి దారి మారనంతవరకే నిలుస్తుంది. పేరు పద్ధతి పాలన మారినా, వాడుక మారినా చిక్కుల్లో పడుతుంది. శాసనకర్తలు పేరునూ పొలిమేరనూ కలిపి రాసిన తీరు నేటి ఒప్పందాలకు కూడా పాఠం: ప్రాంతం పేరు, ఆ పేరుకు ఏ తేదీ నాటి అర్థం తీసుకోవాలో, అందులోని ఊళ్ళ జాబితా, సరిహద్దులు మారితే ఏమి చేయాలో తెలిపే ఒక షరతు. ఈ నాలుగూ రాయడానికి అరపేజీ చాలు.

మూడవది, అస్పష్టత భారం ఇరుపక్షాల మీదా సమానంగా పడదు. న్యాయస్థానం దాకా పోగలిగిన కంపెనీకి అది బేరసారాల ఆయుధం. పోలేని చిన్న ఏజెంటుకు, హాలు యజమానికి, నేతకాడికి అది బతుకుతెరువు ప్రశ్న.

చివరగా పరిశోధకులకు సంబంధించిన విషయం. శాసనాల్లోని సీమ, నాడు, స్థలాల మీద మనకు విలువైన పరిశోధన ఉంది. అదే శ్రద్ధతో ఇరవయ్యవ శతాబ్దపు ఏజెన్సీ పత్రాలు, సినిమా పంపిణీ ఒప్పందాలు, సంత గుత్త కాగితాలు చదవవలసి ఉంది. వ్యాపార భౌగోళికం పాలన భౌగోళికానికి నీడ కాదు. దానికి తన సొంత చరిత్ర ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోని దుకాణాల బీరువాల్లో, హాళ్ళ ఆఫీసుల్లో ఆ చరిత్రకు సంబంధించిన కాగితాలు ఇంకా దొరుకుతాయి. చెదలు పట్టకముందే వాటిని సేకరించడం ఈ తరం పరిశోధకుల బాధ్యత.